కొత్త బోటుతో రీఫ్ చేపల వేట: గాలం కంటే ముందు బకెట్టు సర్దుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 23 అడుగుల కొత్త ఫైబర్ బోటు కొన్నారు, వెనక 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఒకటే. ఈ ఆదివారం ముగ్గురు స్నేహితులను ఎక్కించుకుని ఒడ్డుకు 40 కిలోమీటర్ల దూరంలో, 40 మీటర్ల లోతులో ఉన్న రీఫ్ (సముద్రం అడుగున రాళ్లు, పగడాల దిబ్బ) మీద గ్రూపర్లు, స్నాపర్లు అనే చేపలు పట్టాలనుకుంటున్నారు. ఏ గాలాలు, గాలానికి ఎంత సీసం బరువు, లంగరు వెయ్యాలా వద్దా అని అడిగారు.

అవన్నీ చెబుతాను. కానీ ఈ ఆదివారం మాత్రం అంత దూరం వెళ్లకండి. 5 కిలోమీటర్లు వెళ్లి వచ్చేయండి. పై వారం 15. ఆ తర్వాత రీఫ్.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా పరువు కొంచెం నేనే తీసుకోవాలి. నా బోటు మీదానికంటే ఒక అడుగు చిన్నది. చేతికొచ్చిన నాలుగో రోజునే నేను, మా బావమరిది, ఇద్దరు స్నేహితులు కలిసి 32 కిలోమీటర్లు లోపలికి వెళ్లిపోయాం. సముద్రం అద్దంలా ఉంది. మొదటి అరగంటలోనే మూడు మంచి స్నాపర్లు పడ్డాయి. మా బావమరిది ఐస్ పెట్టె మీద కూర్చుని, "బావా, వెనకవైపు కొంచెం కుంగినట్టు లేదూ?" అన్నాడు. ఐస్ ఎక్కువ వేశాం కదా, అదేలే అన్నాను. ఇంకో అరగంటకి డెక్ మీద నీళ్లు పోవడానికి ఉండే రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి పోవడం మానేసి లోపలికి రావడం మొదలుపెట్టాయి. అప్పుడు వెనక హ్యాచ్ మూత తీస్తే నీళ్లు బ్యాటరీ పెట్టె అంచు దాకా ఉన్నాయి.

జరిగిందేమిటంటే, బతికిన ఎర ఉంచే తొట్టికి నీళ్లు తెచ్చే గొట్టం దగ్గర క్లిప్ బిగించలేదు. పడవ తయారైన చోట ఎవరో చేత్తో తిప్పి, స్క్రూడ్రైవర్‌తో బిగించడం మర్చిపోయారు. దారిలో కుదుపులకి గొట్టం ఊడింది. మరి పడవ అడుగున, అంటే బిల్జ్‌లో, చేరిన నీటిని తోడే ఆటోమేటిక్ పంపు ఏం చేస్తోంది? నీటిమట్టం పెరిగితే దానంతట అదే పంపును ఆన్ చెయ్యాల్సిన ఫ్లోట్ స్విచ్‌కి వైరే కలపలేదు. నా ముందున్న ప్యానెల్ మీద స్విచ్ వేస్తే పంపు తిరిగింది, ఒక నిమిషం. తర్వాత మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే నోటినిండా ఫైబర్ రజను, ఎండిన రెసిన్ ముక్కలు, ఒక ప్లాస్టిక్ ట్యాగు. పడవలో ఉన్న ఒకే ఒక్క బకెట్టులో ఎర ఉంది. ఎరని సముద్రంలో పారబోసి ఆ బకెట్టుతో తోడాం. గొట్టం వాల్వు మూశాక నీళ్లు ఆగాయి.

అంతటితో అయిపోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దాటి ఎక్కలేదు. పెట్రోల్‌లోంచి నీటిని వేరుచేసే ఫిల్టర్ చెత్తతో నిండిపోయింది. కొత్త ట్యాంకులో తయారీ నాటి ముక్కలు మిగిలి ఉంటాయట, అలలకి పెట్రోల్ కుదుపెక్కితే అవన్నీ లేచి ఫిల్టర్ దగ్గరికి చేరతాయి. స్పేర్ ఫిల్టర్ లేదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మూడు గంటలకు పైగా పట్టింది ఇంటికి చేరడానికి. ఆ మూడు గంటల్లో ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. బోట్ల విషయంలో నాకు పాతదే నయమనిపిస్తుంది, ఎందుకంటే దాని లోపాలు ఈపాటికి ఎవరో ఒకరికి కనిపించి ఉంటాయి. కొత్తదానిలో అవి బయటపడాల్సింది మీ చేతుల్లోనే. ఒడ్డుకి దగ్గర్లో బయటపడితే తిట్టుకుని వెనక్కి వస్తారు, అంతే తేడా.

కాబట్టి శనివారం పని ఇది. బోటుని నీళ్లలోకి దించి రేవులోనే కట్టేసి ఉంచండి. టార్చ్ పట్టుకుని హ్యాచ్‌లన్నీ తెరవండి. నీటి గీత (బోటు నీళ్లలో మునిగే మట్టం) కింద బోటు గోడలో ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టి, ఒక్కో గొట్టం చివర క్లిప్‌ని స్క్రూడ్రైవర్‌తో మీరే బిగించండి. నీటి గీత కింద ఉన్న చోట్ల ఒక్కో గొట్టానికి రెండేసి క్లిప్‌లు ఉండాలి. అనవసరపు జాగ్రత్త అనుకోకండి: నీటిమట్టానికి ఒక అడుగు కింద అంగుళం వెడల్పు రంధ్రం చాలు, నిమిషానికి 40 లీటర్లకు పైగా లోపలికి వస్తాయి. అయిదు నిమిషాలకు 200 కిలోల బరువు, అదీ పడవ వెనక మూలలో. తర్వాత బిల్జ్‌లో రెండు బకెట్ల నీళ్లు పొయ్యండి. పంపు దానంతట అది ఆన్ అవ్వాలి, నీళ్లు బయట పడటం కంటితో చూడాలి. పంపు శబ్దం విని తృప్తి పడకండి, నాదీ శబ్దం చేసింది. ఆ రెండు బకెట్ల నీళ్లతోపాటు రజను కూడా వస్తుంది, తుడిచేయండి.

అలాగే ట్యాంకు నింపి, ఐస్ పెట్టె నింపి, నలుగురూ ఎక్కి, నలుగురూ వెనక మూలకి వచ్చి నిలబడండి. చేప పైకి వచ్చినప్పుడు జరిగేది అదే, అందరూ చూడటానికి ఒకే వైపుకి వస్తారు. డెక్ మీదికి నీళ్లు ఎక్కుతున్నాయా? ఎక్కితే ఐస్ పెట్టెని ముందుకి జరపండి, లేదా ఒక స్నేహితుణ్ని తగ్గించండి. మొదటిసారి నలుగురి కంటే ఇద్దరే మేలు, ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు మిగతా పనులకి.

ఇంజిన్ గురించి: మాన్యువల్ చదవండి. చాలా ఫోర్-స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లకి మొదటి 10 గంటలు మచ్చిక కాలం, అంటే కొత్త ఇంజిన్ కుదురుకునే కాలం. ఆ 10 గంటల్లో ఒకే వేగంతో గంటల తరబడి పోకూడదు, మొదట్లో పూర్తి థ్రాటిల్ ఇవ్వకూడదు, వేగం మార్చుతూ ఉండాలి. రీఫ్‌కి వెళ్లడం అంటేనే గంటసేపు ఒకే ఆర్‌పీఎం మీద వెళ్లడం. ఇక్కడే మీ ప్లాన్, మీ ఇంజిన్ కొట్టుకుంటాయి. దగ్గర్లోనే తిరుగుతూ ఆ 10 గంటలు పూర్తి చెయ్యండి, అప్పటికి బోటు స్వభావం కూడా తెలుస్తుంది: అల ఎదురైతే ఏ వేగంలో ముక్కు కొట్టుకుంటుంది, పక్క గాలికి ఎటు తిరుగుతుంది, ట్రిమ్ (ఇంజిన్ వంపు) ఎంత ఎత్తాలి. ఫిల్టర్ మొదటి రెండు మూడు ప్రయాణాల తర్వాత విప్పి చూడండి. స్పేర్ ఒకటి కాదు, రెండు పెట్టుకోండి. దాన్ని విప్పే రెంచ్ కూడా. ఫిల్టర్ పెట్టుకుని రెంచ్ ఇంట్లో వదిలేసినవాణ్ని నేను ఎరుగుదును, అది రెండో ట్రిప్పులో నేనే.

పెట్రోల్ లెక్క సులువే కానీ మనసు ఒప్పుకోదు. వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతా మూడో వంతు ముట్టుకోనిది. 150 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ పూర్తి వేగంలో గంటకు 50 లీటర్ల పైనే తాగుతుంది, సుఖమైన వేగంలో సుమారు సగం. పొద్దున ప్రశాంతంగా గంటలో చేరిన దూరానికి మధ్యాహ్నం ఎదురుగాలిలో రెండు గంటలు పట్టొచ్చు, ఖర్చు కూడా దానికి తగ్గట్టే పెరుగుతుంది. కొత్త బోటు ఫ్యూయల్ గేజీని నమ్మకండి. ముల్లు ఎక్కడుంటే ఎన్ని లీటర్లు పట్టిందో రెండు మూడు సార్లు నింపి రాసుకున్నాకే దాని మాట వినండి.

40 కిలోమీటర్ల దూరంలో ఫోన్ పనిచేస్తుందని అనుకోవద్దు. బోటుకి బిగించిన 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలు మాట్లాడుకునే రేడియో) ఉండాలి, ఛానెల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్, అది ఆపద కబురు వినే ఛానెల్. వీహెచ్‌ఎఫ్ దాదాపు కంటిచూపు మేరకే పనిచేస్తుంది కాబట్టి యాంటెన్నా ఎంత ఎత్తుంటే అంత దూరం పోతుంది. చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టు ప్రాణాధారం కాదు, తోడు మాత్రమే. రేడియోలో ఆపద కబురు పంపే ఎర్ర బటన్ ఉంటే దానికి మీ ఎంఎంఎస్‌ఐ నంబరు (మీ బోటుని గుర్తుపట్టే రేడియో నంబరు) ఎక్కించారా, జీపీఎస్ కలిపారా చూడండి. కొత్త సెట్లలో ఒక్కోసారి ఈ రెండూ చెయ్యకుండానే బిగించేసి ఇస్తారు, అప్పుడు బటన్ నొక్కినా మీరు ఎక్కడున్నారో కబురు పోదు. ఇక రిజిస్టర్ చేసిన 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఒకటి. అది ఉపగ్రహాల ద్వారా కబురు పంపుతుంది, రేడియో అందని చోట అదే దిక్కు. ఇంజిన్ ఆపే తాడు క్లిప్ ఎప్పుడూ ఒంటికి తగిలించుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి. పెట్టెలో ఉన్న జాకెట్ మనిషిని తేల్చదు. ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసివ్వండి: ఎక్కడికి, ఎవరెవరు, ఎన్ని గంటలకి తిరిగొస్తారు, ఆ టైముకి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి.

వాతావరణం చూసేటప్పుడు అల ఎత్తు ఒక్కటే చూసి సంబరపడొద్దు, అలకి అలకి మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 10 సెకన్ల మీద వచ్చే ఒక మీటరు అల ఊయల. అదే ఒక మీటరు 4 సెకన్లకోసారి వస్తే 23 అడుగుల బోటులో నడుములు విరుగుతాయి. ఇంకోటి, సూచనల్లో చెప్పే అల ఎత్తు, మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు మాత్రమే. అప్పుడప్పుడూ దానికి రెట్టింపుకి దగ్గరగా ఒకటి వస్తుంది, అది వింతేమీ కాదు. నీటి లాగుడుకి గాలి ఎదురైతే అలలు నిటారుగా లేస్తాయి. నేను పెట్టుకున్న నియమం: వెనక్కి తిరిగే టైము పొద్దునే పలకమీద రాస్తాను, చేప పడుతోందని దాన్ని మార్చను. మార్చాలనిపిస్తుంది. ప్రతిసారీ.

సరే, ఇక మీరు నిజంగా అడిగినదానికి వద్దాం.

రీఫ్ దగ్గరికి వెళ్లగానే గాలం వెయ్యకండి. మొదట సౌండర్ (శబ్దం పంపి అడుగునీ చేపల్నీ తెర మీద చూపే పరికరం) చూడండి. 200 కిలోహెర్ట్జ్‌లో కిరణం సుమారు 20 డిగ్రీల వెడల్పుంటే 40 మీటర్ల అడుగున అది చూసేది దాదాపు 14 మీటర్ల వృత్తం. అంటే తెర మీద కనపడిన చేప మీ బోటు కిందే ఉందనుకోవడం తప్పు, ఏడు మీటర్ల అటో ఇటో ఉండొచ్చు. గట్టి రాయి మందంగా, ప్రకాశవంతంగా కనిపిస్తుంది, తరచూ దాని కింద రెండింతల లోతులో రెండో ప్రతిధ్వని కూడా పడుతుంది. బురద పలచగా, మసకగా ఉంటుంది. వేగంగా పోతున్నప్పుడు అడుగు కనబడకుండా పోతుంటే సౌండర్ తప్పు కాకపోవచ్చు, బోటు అడుగున ట్రాన్స్‌డ్యూసర్ (ఆ శబ్దాన్ని పంపి, అందుకునే భాగం) బిగించిన కోణమో ఎత్తో సరిగా లేదని అర్థం, కొత్త బోట్లలో మామూలే.

లంగరు వెయ్యాలా? మొదటిసారి వద్దు. 40 మీటర్ల లోతులో లంగరు పట్టాలంటే లోతుకి అయిదు రెట్ల తాడు, అంటే 200 మీటర్లు వదలాలి. అంత తాడు బయటున్నప్పుడు బోటు రీఫ్‌కి ఎక్కడికో వెనక్కి పోతుంది, సరిగ్గా రాయి మీద నిలపడం నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. పైగా బతికున్న పగడం మీద లంగరు పడితే వందేళ్లు పెరిగింది ఒక్క లాగుడుకి పోతుంది. ఎప్పుడైనా వెయ్యాల్సి వస్తే పక్కన ఇసుకలో వెయ్యండి, తాడు ముక్కు దగ్గరే కట్టండి. వెనక్కి కట్టకండి. వెనక భాగం తక్కువ ఎత్తు, ఇంజిన్ బరువు అక్కడే, ఒక్క అల లోపలికొస్తే చాలు. ఎంత తొందరగా మునుగుతుందో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

కొట్టుకుపోతూ పట్టడమే మేలు. ముందు రీఫ్ మీద ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి అయిదు నిమిషాలు ఊరికే ఉండండి, ప్లాటర్ (బోటు దారిని మ్యాపు మీద చూపే జీపీఎస్ తెర) మీద మీ గీత ఎటు పోతోందో చూడండి. గాలి, నీటి లాగుడు కలిసి ఎటు తోస్తున్నాయో అదే చెబుతుంది. ఒక నాట్ వేగంతో కొట్టుకుపోతున్నా నిమిషానికి 30 మీటర్లు జరుగుతారు. 60 మీటర్ల రీఫ్ మీ కింద రెండు నిమిషాలే ఉంటుంది, అందులో సీసం అడుక్కి చేరడానికే అర నిమిషం పైన పోతుంది. అందుకే గీతకి ఎగువన, రీఫ్ ఇంకా 25, 30 మీటర్లు ఉందనగానే దించాలి. మా వాళ్లకి ఇది అర్థమయ్యేవరకు రీఫ్ దాటాక ఇసుక మీద గాలం వేసి "చేపలే లేవు" అని గొణుగుతూ ఉండేవారు. చేపలు ఎక్కువగా నీరు వచ్చి కొట్టుకునే ఎగువ అంచున నిలబడతాయి, ఎర కూడా అటునుంచే రావాలి.

సీసం ఎంత అంటే, తాడు నిలువుగా ఉండి అడుగు తగులుతున్నట్టు తెలిసేంత. అంతకంటే ఎక్కువ వద్దు. కొక్కెం మాత్రం సర్కిల్ హుక్ వాడండి, అంటే మొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండేది, మొన పక్కకి వంకర పోనిది. దాంతో చేప లాగగానే గాలం కర్రని ఝాడించి కొట్టకూడదు, మెల్లగా చుట్టుకుంటూ పోతే అదే మూతి మూలలో పడుతుంది. అలవాటు మానడం కష్టం. మొదటి పది చేపలు నేను ఝాడించే పోగొట్టుకున్నాను. స్నాపర్లు కొంచెం పైన, గ్రూపర్లు రాళ్ల సందుల్లో ఉంటాయి. గ్రూపర్ పట్టగానే మొదటి మూడు మీటర్లే యుద్ధం, ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి లాగాలి. అది బొరియలోకి దూరిపోతే తాడుతో కుస్తీ పట్టకండి. తాడు వదులు చేసి అయిదు నిమిషాలు ఆగండి, చాలాసార్లు అదే బయటికొస్తుంది. నాలుగు గాలాలు ఒకేసారి వెయ్యొద్దు, రెండు చాలు. చిక్కులు విప్పడానికి ఎవరూ అంత దూరం వెళ్లరు.

ఇంకో విషయం, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 40 మీటర్ల లోతులో పీడనం పైనకంటే అయిదు రెట్లు. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రమే ఇక్కడా: పైకి వచ్చేసరికి చేప లోపలి గాలి తిత్తిలో వాయువు అయిదు రెట్లు ఉబ్బుతుంది. ఈ చేపలకి ఆ గాలిని తిత్తిలోంచి నోటికి వదిలే గొట్టం ఉండదు, రక్తంలోకి మెల్లమెల్లగా ఇంకాల్సిందే. కాబట్టి నెమ్మదిగా లాగినంత మాత్రాన పెద్దగా ఉపయోగం లేదు. కళ్లు బయటికొస్తాయి, నోట్లోంచి బెలూన్ లాంటిది వేలాడుతుంది. చాలామంది దాన్నే గాలి తిత్తి అనుకుని పొడుస్తారు. అది పొట్ట. పొడిస్తే చేప పోవచ్చు. చిన్నదో, పట్టకూడనిదో వదలాలంటే బరువు కట్టిన క్లిప్‌తో దాన్ని మళ్లీ లోతుకి దించి వదలండి, దీనికోసం పనిముట్లు దొరుకుతాయి. లేదంటే ప్లాస్టిక్ క్రేటుని బోర్లించి, పైన తాడు, అంచులకు బరువు కట్టి, దాని కింద చేపనుంచి దించినా పనిచేస్తుంది. నా దగ్గర ఉన్నది ఆ క్రేటే, చూడ్డానికి బాగుండదు.

గ్రూపర్లలో చాలా జాతులు మొదట ఆడవిగా ఉండి, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. ఒక రాయి మీదున్న భారీ చేపలన్నీ మీరే తెచ్చేస్తే అక్కడ మగవి మిగలవు. మీ ప్రాంతంలో ఏ జాతికి ఎంత సైజు, ఏ నెలల్లో నిషేధం, ఏ రీఫ్ మీద అసలు పట్టకూడదు అన్నది బయల్దేరే ముందే చూసుకోండి.

పెద్ద రీఫ్ చేపని తినడం గురించి కూడా ఒక మాట. వెచ్చని సముద్రాల్లో కొన్ని రీఫ్‌ల చేపల్లో సిగ్వటెరా విషం చేరుతుంది. పగడాల మీది సూక్ష్మ నాచులో పుట్టి, చిన్న చేపల నుంచి వాటిని తినే పెద్ద చేపల్లోకి ఎక్కుతుంది. వండినా, గడ్డకట్టించినా పోదు, రుచిలోనూ తెలియదు. 1774లో జేమ్స్ కుక్ ఓడ ఇప్పటి వనువాటు దీవుల దగ్గరుండగా ఎర్రటి చేపలు తిన్న అధికారులు రోజుల తరబడి మంచాన పడ్డారు. చల్లనిది వేడిగా, వేడిది చల్లగా తోచడం దాని గుర్తుల్లో ఒకటి. మీ రీఫ్ గురించి అక్కడ ఏళ్లుగా పట్టేవాళ్లని అడగండి. వాళ్లు ఏ చేప వదిలేస్తారో మీరూ అదే వదిలేయండి.

ఇక ఈ ఆదివారం సంగతి. రెండు గాలాలు, రెండు బకెట్లు, ఒక స్నేహితుడు, 5 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఒకసారి, ఆగాక ఒకసారి, ఒడ్డుకొచ్చాక ఒకసారి హ్యాచ్ తీసి చూడండి. తర్వాత ఫిల్టర్ విప్పి అందులోని పెట్రోల్‌ని ఒక గాజు సీసాలో పోసి అడుగున ఏం పేరుకుందో ఇక్కడ రాయండి. నా సీసాలో అయితే రెండు చెంచాల తెల్ల రజను, ఒక చిన్న రబ్బరు ముక్క ఉన్నాయి.